బల్లులు చదివే లైసెన్సులు



సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు తెర మీద ఒక కాగితం పడుతుంది. సెన్సార్ సర్టిఫికెట్. సినిమా పేరు, భాష, ఎన్ని నిమిషాలు, ఏ తేదీన ఇచ్చారు, కింద సంతకం. అది పడగానే హాలంతా ఈలలు. మన దగ్గర జనం తలెత్తి చూసే లైసెన్సు ఏదైనా ఉందంటే బహుశా అదొక్కటే. మిగిలినవాటిని కూడా మన కళ్లెదుటే పెట్టాలని చట్టం చెప్పింది. పెట్టారు కూడా. లక్ష్మీదేవి పటానికి పైన, ట్యూబులైటు వెనక, ఎండిపోయిన మామిడాకుల తోరణం చాటున. అక్కడ వాటిని బల్లులు చదువుకుంటుంటాయి.

ఈ పూట ఆ కాగితాల గురించి నాలుగు మాటలు.

మా నాయినకు పాత పాలమూరులో చిన్న కిరాణా దుకాణం ఉండేది. గల్లా వెనక గోడకు మూడు పటాలు: వెంకటేశ్వరస్వామి, మా తాత, మునిసిపాలిటీ లైసెన్సు. పొద్దున షట్టర్ ఎత్తగానే మూడింటికీ అగరుబత్తి తిప్పేవాడు. మూడో పటంలో ఉన్నది ఏ దేవుడో చిన్నప్పుడు నాకు అంతుపట్టేది కాదు. ఏటా కొత్త లైసెన్సు రాగానే పటం విప్పి, పాత కాగితం మీదనే కొత్తది పెట్టి, మళ్లీ మేకులు కొట్టేవాడు. దుకాణం తీసేసిన నాడు విప్పి చూస్తే లోపల ఉల్లిపొరల్లాగా ఏళ్లకేళ్ల కాగితాలు బయటపడ్డాయి.

ఆయనకు కాగితం కంటే బాట్ల మీద మక్కువ ఎక్కువ. ఇనుప బాటుకు చిన్న గుంత ఉంటుంది. అందులో సీసం పోసి, ఆ సీసం మీద తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర కొడతారు. సంవత్సరంలోని చివరి రెండంకెలు, ఆ ఏడాది ఏ మూడు నెలల్లో కొట్టారో తెలిపే ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి అందులో ఉంటాయి. పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు తరాజు వంక అనుమానంగా చూస్తే, మా నాయిన మాట్లాడకుండా బాటు తిరగేసి చూపించేవాడు. వాళ్లకు చదువు రాదు. అయినా వేలితో ఆ ముద్రను ఒకసారి తడిమి, "సరే, జోకు" అనేవాళ్లు.

ఆ ముసలమ్మ వేలు దగ్గరే నా మాట మొదలవుతుంది. లైసెన్సు ఇచ్చిన అధికారికి గోడ మీది కాగితంతో పెద్ద పని లేదు. ఆయన దగ్గర ఫైలుంది, ఇప్పుడైతే కంప్యూటరుంది, నంబరు కొడితే దుకాణదారు వివరాలన్నీ వస్తాయి. మరి గోడకు తగిలించమని ఎందుకన్నారు? లోపలికి అడుగుపెట్టే మనిషి కోసం. ఆ కాగితం దుకాణదారు పేరున ఉన్నా అది మనకు రాసిన ఉత్తరం. చిరునామా మనదే, విప్పి చదవకపోతే తప్పెవరిది? మనదేనని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఎందుకో మధ్యలో చెబుతాను.

ముందు మన మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఏదో ఒక దుకాణంలోకి వెళ్దాం. గుమ్మం మీద పేరు పలక. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం పేరు తెలుగులో ఉండాలి, వేరే భాష ఉంటే తెలుగు కిందనే ఉండాలి. లోపల కార్మిక శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనిపించేట్టు పెట్టాలి. దాని పక్కన మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. మన పట్నం 2025లో కార్పొరేషన్ అయింది కాబట్టి ఇప్పుడు కార్పొరేషన్ లైసెన్సు అనాలి. ఊరి పేరే 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీదికి మారింది, అయినా ఇప్పటికీ చాలామంది నోట పాలమూరే వస్తుంది. పలక మార్చడం తేలిక, అలవాటు మార్చడమే కష్టం.

ఇందులో ఒక తమాషా ఉంది చూడండి. దుకాణం పేరు తెలుగులో ఉండాలని సర్కారు పట్టుబడుతుంది. అదే సర్కారు ఇచ్చే లైసెన్సులు, కేంద్రానివైనా రాష్ట్రానివైనా, దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, అక్షరాలు ఆవగింజలంత. దుకాణం పేరు మనకు ముందే తెలుసు. తెలియనిది ఆ కాగితంలో ఏముందో. తెలుగు నిజంగా కావలసింది అక్కడ.

జీఎస్టీ సంగతి మరొకటి. 2017 నియమాల్లో పద్దెనిమిదో నియమం రెండు పనులు చెప్పింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను వ్యాపారం జరిగే ప్రతి చోటా కంటికి కనిపించేలా పెట్టాలి. గుమ్మం దగ్గరి పేరు పలక మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు రాయాలి. ఆ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. ఇక చిన్న వ్యాపారులు కొందరు కాంపోజిషన్ పద్ధతి ఎంచుకుంటారు. అంటే అమ్మకాల మీద కొంత శాతం తామే కడతారు, కొనేవాళ్ల దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. తాము కాంపోజిషన్ వ్యాపారులమని వాళ్లు బోర్డు మీదా రాయాలి, బిల్లు మీదా రాయాలి. మీరు టిఫిన్ తిన్నారు, బిల్లులో జీఎస్టీ అని కొంత కలిపారు, తలెత్తి చూస్తే బోర్డు మీద కాంపోజిషన్ అని ఉంది. ఆ డబ్బు అడిగే హక్కు ఆ హోటలుకు లేదు. ఇది తెలుసుకోవడానికి లాయరు అక్కర్లేదు, మెడ కాస్త పైకెత్తితే చాలు.

హోటలు మాట వచ్చింది కాబట్టి అక్కడే ఉందాం. తినే వస్తువు అమ్మే ప్రతి ఒక్కరికీ, బజ్జీల బండి నుంచి ఫంక్షన్ హాలు వంటవాళ్ల దాకా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు ఉండాలి. 2006 నాటి చట్టం, 2011 నాటి నియమాలు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. దాని ప్రతిని అందరికీ కనిపించేచోట ఎప్పుడూ ఉంచాలన్నది లైసెన్సులోనే ఉన్న షరతు. 2022 జనవరి 1 నుంచి ఆ నంబరు బిల్లు మీద కూడా రావాలి. 2025లో ఇంకొకటి చేర్చారు. లైసెన్సు పక్కన ఒక క్యూఆర్ కోడ్ పెట్టాలి, ఫోను చూపిస్తే నేరుగా ఫిర్యాదు చేసే యాప్‌కు తీసుకుపోతుంది. బాగుంది. కానీ ఆ కోడ్ కూడా ట్యూబులైటు వెనకే పెడితే ఫోనుకు మెట్లు కట్టాలి.

అసలు చిక్కంతా 'కనిపించేచోట' అన్న మాటలోనే ఉంది. ఎంత ఎత్తులో, ఎంత పెద్ద అక్షరాల్లో, ఎంత వెలుతురులో? చాలా నియమాల్లో ఆ మాటే లేదు. గోడ మీద ఉంటే చాలు, నియమం నెరవేరినట్టే. చట్టం రాసినవాళ్లు దుకాణాన్ని మనసులో ఊహించుకున్నారే తప్ప, బెల్లం డబ్బాలు, నూనె పీపాలు, వేలాడే షాంపూ ప్యాకెట్ల దండల మధ్య నిలబడి చూడలేదనిపిస్తుంది.

న్యూయార్క్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే మన పిల్లలను అడగండి. అక్కడ 2010 నుంచి ప్రతి హోటలు అద్దానికి ఒక పెద్ద అక్షరం అంటించి ఉంటుంది. తనిఖీలో వచ్చిన మార్కును బట్టి ఏ, బీ, సీ. రోడ్డు మీద పోయేవాడికి కూడా కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఇంకో ముచ్చట. వేల్స్‌లో 2013 నుంచి శుభ్రత మార్కును తలుపు దగ్గర అంటించడం తప్పనిసరి. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో అది హోటలువాడి ఇష్టం. అయిదుకు అయిదు వచ్చినవాడు అద్దానికి అంటిస్తాడు. ఒకటి వచ్చినవాడు ఏం చేస్తాడో నేను చెప్పాలా?

ఇక మందుల దుకాణం, దవాఖాన. వీటి గోడలు మిగతావాటికంటే ఎక్కువ మాట్లాడాలి. మెడికల్ షాపులో ఫారం 20, ఫారం 21 అని రెండు లైసెన్సులుంటాయి. జనం మసలే భాగంలో, కంటికి ఆనేచోట పెట్టాలన్నది ఆ లైసెన్సు మొదటి షరతు. లోపలి గదిలో, ఫ్రిజ్ వెనక పెడితే ఆ షరతు తప్పినట్టే. డాక్టరు అయితే తన మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరును దవాఖానలో రాసిపెట్టాలి, చీటీ మీద రాయాలి, డబ్బులు తీసుకున్న రసీదు మీదా రాయాలి. ఫీజు ఎంతో బోర్డు మీద ఉండాలి. ఇవి 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలో ఉన్నాయి. మన పల్లెల్లో పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నవాళ్లు ఎందరో. పేరు కింద నంబరు ఉన్నవాళ్లెందరో లెక్కపెడితే తేడా తెలిసిపోతుంది. ఆర్‌ఎంపీలను నేను తీసిపారేయడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్లే. కానీ ఎవరి చేత సూది వేయించుకుంటున్నామో తెలిసి వేయించుకోవడం వేరు.

స్కానింగ్ సెంటర్ల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకు ఉండాలి. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరమని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ బోర్డు ఉండాలి. అంతటితో ఆగలేదు. ఆ చట్టం పుస్తకం ప్రతి ఒకటి అక్కడే ఉండాలి, అడిగినవారికి చూపాలి. చట్టం పుస్తకాన్నే దగ్గర ఉంచుకోమని ఇంత ఖచ్చితంగా చెప్పిన నియమం నాకు వేరేచోట తారసపడలేదు. ఎందుకంటే అక్కడ లోపలికి వెళ్లేది సాధారణంగా ఒంటరి మనిషి కాదు. కోడలు వెళ్తుంది, వెంట అత్త, భర్త. ఆ బోర్డు వాళ్లిద్దరితో మాట్లాడాలి. కోడలు తన నోటితో అనలేని మాటను గోడ అనాలి.

ఇప్పుడు మన పాలమూరు రైతు దగ్గరికి వద్దాం. నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్నది ఇక్కడే.

మృగశిర కార్తె వస్తుంది. హన్వాడ, కోయిలకొండ, దేవరకద్ర, భూత్పూర్ నుంచి ఆటోలలో, మోటారు సైకిళ్ల మీద రైతులు విత్తనాల కోసం దిగుతారు. ఈ నేల సంగతి తెలిసిందే, ఎర్ర చెల్కలు, ఆకాశం వైపు చూసే సేద్యం. విత్తనం ఒకసారి వృథా అయితే ఆ ఏడాది వానలు మళ్లీ రెండో అవకాశం ఇస్తాయన్న నమ్మకం లేదు. పక్కనున్న గద్వాల ప్రాంతం పత్తి విత్తనాల ఉత్పత్తికి పేరుమోసింది. మంచి విత్తనం పండే నేల దగ్గరే నకిలీ విత్తనం కూడా తిరుగుతుంది, పొట్లాల్లో, లూజు సంచుల్లో, పేరు లేని డబ్బాల్లో. అమ్మేవాళ్లు ఇంటి దగ్గరికే తెచ్చి, తక్కువకు ఇచ్చి, పొద్దు పొడవకముందే పోతారు. వాళ్లకు గోడ లేదు, గోడ మీద కాగితం లేదు.

దుకాణానికి ఉంది. 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ఏమంటుందంటే, లైసెన్సు లేనిదే విత్తనాలు అమ్మకూడదు. ఏ రకం విత్తనం పొద్దున ఎంత ఉంది, సాయంత్రానికి ఎంత మిగిలింది, ధర ఎంత, ఇవన్నీ దుకాణంలో ప్రతిరోజూ రాసిపెట్టాలి. కొన్న ప్రతివారికీ రసీదు ఇవ్వాలి, నగదుకైనా, ఉద్దెరకైనా. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కూడా ఇదే దారి. పొద్దున దుకాణం తెరిచేసరికి ఏ ఎరువు ఎన్ని బస్తాలుందో, ధర ఎంతో అందరికీ కనిపించేలా బోర్డు మీద ఉండాలి.

లైసెన్సు, బోర్డు, రసీదు. ఈ మూడూ ఒకే తాడు పేటలు. లైసెన్సు వల్ల మనిషెవరో తెలుస్తుంది. బోర్డు వల్ల సరుకెంతో తెలుస్తుంది. రసీదు వల్ల ఆ మనిషి ఆ సరుకు నాకు అమ్మాడని రేపు చెప్పగలను. 2012 జనవరిలో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థ కేసులో ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో చెప్పుకోవాలి. విత్తనాలు సరిగా మొలవలేదని, నష్టపోయామని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. వాటిలో కర్నూలు, ఖమ్మం ఫోరాలతో పాటు మన మహబూబ్‌నగర్ ఫోరం కూడా ఉంది. రైతు వినియోగదారుడు కాడు పొమ్మని సంస్థ వాదించింది. విత్తనంలో లోపముందని పరీక్ష చేయించి నిరూపించలేదనీ అంది. రైతు విత్తనమంతా భూమిలో వేస్తాడు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచుకోవాలని ఆశించడం తగదని కోర్టు చెప్పింది. రైతు వినియోగదారుడేనంది. పరిహారం నిలిచింది. అందుకే విత్తనం సంచి, దాని చీటీ, రసీదు ఈ మూడూ పంట ఇంటికి వచ్చేదాకా దూలం సందున దాచిపెట్టమని పెద్దలు చెప్పేది.

అంతా బాగానే ఉంది. కానీ రైతు ఎందుకు అడగడు? లైసెన్సు చూపించు, బోర్డు ఏది, రసీదు రాయి, ఇంత చిన్న మాటలు అతని నోట ఎందుకు రావు?

ఇందాక మధ్యలో చెబుతానన్నది ఇదే. రైతు ఎక్కువసార్లు ఉద్దెర మీద కొంటాడు. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ ఆ దుకాణంలోనే, పంట వచ్చాక వడ్డీతో కట్టే మాట మీద. అంటే ఆ దుకాణదారు అతనికి విత్తనాల వ్యాపారి ఒక్కడే కాదు, అప్పిచ్చినవాడు కూడా. అప్పున్న చోట తల పైకెత్తి గోడ చదవడం ఎట్లా? లైసెన్సు చూపించు సేటూ అన్నాడంటే, పాత బాకీ సంగతేంటి అని ఎదురుప్రశ్న వస్తుంది. వడ్డీకి ఇవ్వడానికి కూడా లైసెన్సు ఉండాలని ఈ నేల మీద నిజాం కాలంలోనే 1349 ఫస్లీలో, అంటే 1940 ప్రాంతంలో, చట్టం వచ్చింది. ఆ లైసెన్సు తగిలించిన ఎరువుల దుకాణం మీలో ఎవరికైనా కనిపిస్తే నాకు ఉత్తరం రాయండి.

గోడ మీద కాగితం పెట్టాలన్న నియమం లోలోపల ఒక మనిషిని ఊహించుకుంది. చదువు వచ్చినవాడు, చేతిలో నగదున్నవాడు, నచ్చకపోతే పక్క దుకాణానికి పోగలిగినవాడు. నగరంలో మాల్‌కు పోయేవాడికి అది సరిపోతుంది. చెప్పు తెగి, మధ్యాహ్నం బస్సు తప్పితే సాయంత్రం దాకా ఆగాల్సిన కోయిలకొండ రైతుకు సరిపోదు. అందుకే నాకు తోచిన మాట ఒకటి చెబుతాను, అధికారులు వింటే వింటారు. ఈ దుకాణాల పేర్లు, లైసెన్సు నంబర్లు, అవి ఏ తేదీ దాకా చెల్లుతాయో రైతు వేదికల గోడల మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఉపాధి హామీ పని జరిగేచోట పని పేరు, ఖర్చు బోర్డు మీద రాయిస్తున్నారు కదా, అట్లాగే. అక్కడ ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు, నింపాదిగా చదువుకోవచ్చు.

రియల్ ఎస్టేట్ వెంచర్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. జడ్చర్ల నుంచి హైదరాబాదు దాకా 44వ నంబరు జాతీయ రహదారి పక్కన రంగురంగుల జెండాలు పాతిన ప్లాట్లే. 2016 రెరా చట్టం ప్రకారం మంజూరైన లేఅవుట్ ప్లాను ఆ స్థలంలోనే జనానికి కనిపించేట్టు పెట్టాలి. తెలంగాణలో రెరా ఇచ్చే ప్రాజెక్టు నంబరు ఇంగ్లీషు పీ అక్షరంతో మొదలవుతుంది. భోజనం పెట్టి, ఏసీ బస్సులో తిప్పి, లక్కీ డ్రా కూపన్ ఇచ్చి, ఆ నంబరు మాత్రం తర్వాత పంపిస్తామంటే, భోజనం చేసి వచ్చేయండి.

కాగితాలు చూపించడం గురించి ఇంత చెప్పాక, చూపించకూడనిది కూడా ఉంటుందని చెప్పాలి. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో శివభక్తుల కాంవడ్ యాత్ర దారి పొడవునా హోటళ్ల ముందు యజమానుల పేర్లు రాయాలని పోలీసులు ఆదేశించారు. పేరు చూస్తే కులం, మతం తెలుస్తాయి కాబట్టి దుమారం లేచింది. ఆ నెల 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో రాస్తే చాలు, యజమాని పేరు, పనివాళ్ల పేర్లు రాయమని బలవంతం చేయకూడదంది. మరుసటి ఏడాది మళ్లీ అదే యాత్ర, ఈసారి యజమాని పేరు తెలిపే క్యూఆర్ కోడ్ గొడవ. సరిగ్గా 2025 జులై 22న, చట్టం ప్రకారం ఉండాల్సిన లైసెన్సు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మాత్రం పెట్టాల్సిందేనని కోర్టు చెప్పింది. రెండింటికీ తేడా సన్నటిది, కానీ గట్టిది. వంటగది ఎట్లా ఉందో, తరాజు సరిగా ఉందో చెప్పే కాగితం నాకు కావాలి. వండినవాడు ఏ దేవుడికి మొక్కుతాడో ఆ దేవుడికి తెలిస్తే చాలు.

వీధి బండ్లవాళ్ల సంగతి దుకాణాలకు తలకిందులుగా ఉంటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ సర్వే చేసి, వాళ్లకు సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇప్పించాలి. దుకాణదారు కాగితాన్ని గోడకు వదిలేస్తాడు. బండి పెట్టుకున్న ఆమె మాత్రం కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రొంటిన దోపుకుంటుంది. పెద్ద దుకాణానికి ఆ కాగితం కొనేవాడి రక్షణ. ఆమెకు అది తన రక్షణ. బండి తియ్యమని ఎవరైనా వస్తే మొదట తీసి చూపించేది దాన్నే. మక్కబుట్టలు కాల్చి అమ్మే ఒకామెను, కార్డు చూడవచ్చా అని అడిగాను. చదువు రాదంది. కానీ మీద ఉన్న నంబరు అంకె తప్పకుండా ఒప్పజెప్పింది. నా పాన్ నంబరు నాకు ఇప్పటికీ రాదు.

చివరగా ఒక దుకాణంలో నేను చూసింది చెప్పి సెలవు తీసుకుంటాను. పేరు చెప్పను.

2025 వానాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. యూరియా కోసం లైన్లు. తెల్లవారకముందే చెప్పులు, పాస్‌బుక్కులు, రాళ్లు వరసలో పెట్టి, వాటి యజమానులు చెట్టు కింద కూర్చున్న రోజులు. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఆ ధర అందరికీ తెలుసు, బస్తానే దొరకదు. దొరికినచోట లింకు. యూరియా కావాలంటే ఫలానా డబ్బా కూడా కొనాలని. అట్లా అంటగట్టడం నేరమని అధికారులు చెబుతూనే ఉన్నారు, అంటగట్టేవాళ్లు అంటగడుతూనే ఉన్నారు.

నేను మామిడి మొక్కల కోసం ఏదో మందు అడగడానికి పోయాను. నాకంటే ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు, తలకు రుమాలు, చేతిలో మడిచిన గోనెసంచి. దుకాణదారు ఫోను చూసుకుంటూనే, "స్టాక్ లేదు కాకా, ఎల్లుండి రా" అన్నాడు.

పెద్దాయన కదల్లేదు. కౌంటర్ వెనక గోడకు ఒక నల్ల బోర్డుంది. దాని ముందు వేపపిండి బస్తాలు పేర్చారు, పై సగమే కనిపిస్తోంది. ఆయన కొద్దిగా పక్కకు జరిగి, మెడ చాచి, స్కూలు పిల్లాడిలాగా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. తేదీ ఆ రోజుదే. పొద్దున ఎవరో కుర్రాడు నియమం ప్రకారం సుద్దతో రాసి పోయాడు.

"యూ...రి...యా. నలభై రెండు." ఆయన దుకాణదారు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "లేదంటివి గద సేటూ?"

దుకాణదారు లేచి తడిగుడ్డ అందుకున్నాడు. బోర్డు దాకా పోయాడు. వెనక లైన్లో నలుగురైదుగురు కూడా అటే చూస్తున్నారు. చేతిలో గుడ్డ అట్లాగే ఉంది.

"ఎన్ని గావాలె కాకా?" అన్నాడు.